ఇన్ని సినిమాల్లో ఒకే కేక ఎందుకు? విల్‌హెల్మ్ స్క్రీమ్ గురించి

బాల్కనీ_టికెట్

హాలీవుడ్ వాళ్లకి డబ్బుకి కొదవా? ఒక్కో సినిమాకి వందల కోట్లు పోస్తారు. అలాంటోళ్లు 1951లో ఎవరో అరిచిన ఒకే ఒక్క అరుపుని ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి వాడటం ఏంటి? విల్‌హెల్మ్ స్క్రీమ్ అంట, మా తమ్ముడు వీడియో చూపించాడు. స్టార్ వార్స్‌లో సైనికుడు పైనుంచి పడితే అదే కేక, ఇండియానా జోన్స్‌లో లారీ మీంచి పడితే అదే కేక, టాయ్ స్టోరీలో బొమ్మ కిటికీలోంచి పడినా అదే. అప్పట్నుంచి ఏ సినిమా పెట్టినా చెవి అటే పోతోంది. నిన్న రాత్రి లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రెండో భాగం చూస్తున్నా, హెల్మ్స్ డీప్ యుద్ధం, వాన, చీకటి, గోడ మీద జనం చస్తున్నారు, నాకు కళ్లలో నీళ్లు తిరిగే టైం, సరిగ్గా అప్పుడు గోడ మీంచి ఒకడు పడ్డాడు, మళ్లీ అదే కేక. మొత్తం మూడ్ పోయింది. ఇది బద్ధకమా, జోకా? ఇష్టపడేవాళ్లు ఎందుకు ఇష్టపడతారో చెప్పండి, నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నా.

గోదారిగట్టు

ఆ వీడియో చూసిన ప్రతివాళ్ల గోలా ఇదే. ఒకసారి చెవిన పడిందా, ఇంక వదలదు.

ఓరుగల్లు_పోరి

నాకైతే మస్తిష్టం. సినిమాల అది వినవడ్డదంటే చాలు, పక్కన ఎవరున్నా మోచేత్తోని పొడుస్త. మా అక్క నా పక్క సీట్ల కూసుంటలేదు ఇప్పుడు.

డబ్బింగ్_థియేటర్

బద్ధకం అయితే కాదండీ. నేను హైదరాబాద్‌లో సౌండ్ ఎడిటింగ్ చేస్తా, ఎఫెక్ట్స్ వేయడమే నా పని. కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

ఆ కేక పుట్టింది డిస్టంట్ డ్రమ్స్ అని 1951లో వచ్చిన వార్నర్ బ్రదర్స్ సినిమాకి. గ్యారీ కూపర్ హీరో, రావుల్ వాల్ష్ డైరెక్టర్. ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో సైనికులు నీళ్లలో నడిచిపోతుంటే ఒకణ్ణి మొసలి పట్టి లోపలికి లాక్కుపోతుంది. అలాంటి సీన్‌లో షూటింగ్ అప్పటి సౌండ్ ఎందుకూ పనికిరాదు, అందుకని తర్వాత స్టూడియోలో ఒక మనిషిని మైకు ముందు నిలబెట్టి వరసగా ఆరు కేకలు పెట్టించారు. అందులో ఐదోది మొసలి సీన్‌కి వేశారు. అక్కడితో ఆగలేదు, అదే సినిమాలో కోట మీద దాడి జరిగే చోట తూటా తగిలి ముగ్గురు పడిపోతారు, వాళ్లకీ ఆ కేకలే వేశారు. అంటే పుట్టిన సినిమాలోనే రెండోసారి వాడకం మొదలైపోయింది.

తర్వాత ఆ రికార్డింగ్ వార్నర్ వాళ్ల సౌండ్ లైబ్రరీలో చేరింది. అప్పట్లో పెద్ద స్టూడియోలకి సొంత లైబ్రరీలు ఉండేవి, తుపాకికి ఒక రీలు, గుర్రానికి ఒక రీలు, మనిషి చావుకి ఒక రీలు. ఎఫెక్ట్స్ వేసేవాళ్లకి ఎప్పుడూ టైం తక్కువే (ఇప్పటికీ అంతే, రిలీజ్ డేట్ ముందు ప్రకటించి సౌండ్ వాళ్ల మెడ మీద కూర్చుంటారు), మళ్లీ ఆర్టిస్టుని పిలిచి రికార్డ్ చేసే బదులు ఉన్నదే కాపీ తీసి అతికించేవాళ్లు. అలా 50ల్లో, 60ల్లో ఆ కేక వార్నర్ సినిమాల్లో తెగ తిరిగింది. ఇంతవరకూ మీరన్నట్టు పొదుపే అనుకోండి. ఆ తర్వాత కథ వేరే.

కడపకారం

ఆ తర్వాత ఏందో చెప్పకుండా యాడికి పోతివి సామీ? ఇంతకీ విల్‌హెల్మ్ అంటే ఎవురు, మొసలి నోట్లో పడినోడా?

డబ్బింగ్_థియేటర్

మిక్సింగ్ మధ్యలో టైప్ చేస్తున్నా, అందుకే ముక్కలు ముక్కలుగా వస్తోంది.

మొసలి పట్టినోడు కాదు. 1953లో ద చార్జ్ ఎట్ ఫెదర్ రివర్ అని త్రీడీలో ఒక వెస్టర్న్ వచ్చింది. అందులో ప్రైవేట్ విల్‌హెల్మ్ అని చిన్న సైనికుడి పాత్ర. పైప్‌లో పొగాకు కూరుకుంటూ వెనకబడతాడు, కాలికి బాణం దిగుతుంది, అప్పుడు ఈ కేక. ఆ సినిమా డైరెక్టర్ గోర్డన్ డగ్లస్. మరుసటేడు ఆయనే రాక్షస చీమల సినిమా తీశాడు, దెమ్ అని, దాంట్లోనూ ఇదే కేక.

ఇక అసలు విషయం. 1970ల్లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో సినిమా చదువుకునే కుర్రాళ్లు కొందరు, బెన్ బర్ట్, రిచర్డ్ ఆండర్సన్, రిక్ మిచెల్, పాత సినిమాలు తెగ చూసేవాళ్లు. చూడగా చూడగా ఒకే గొంతు వేరే వేరే సినిమాల్లో చస్తోందని పట్టేశారు. లైబ్రరీ కార్డు చూసి కాదు, ఎవరో చెప్తే కాదు, వట్టి చెవితో. తర్వాత స్టార్ వార్స్‌కి సౌండ్ చేసే పని బర్ట్‌కి వచ్చింది. వార్నర్ లైబ్రరీ వెతుకుతుంటే అసలు రీలు దొరికింది, దాని మీద మనిషిని మొసలి తింటోంది అని రాసి ఉందట. ఆ ఫెదర్ రివర్ పాత్ర పేరే దానికి పెట్టాడు. 1977 స్టార్ వార్స్‌లో హీరో ల్యూక్ కాలిస్తే ఒక స్టార్మ్‌ట్రూపర్, అంటే శత్రు సైనికుడు, అగాధంలోకి పడతాడు చూడండి, అక్కడ వేశాడు.

తర్వాత బర్ట్ చేసే సినిమాల్లో బర్ట్, ఆండర్సన్ చేసే సినిమాల్లో ఆండర్సన్, ఎవరికి వాళ్లు పెట్టుకుంటూ పోయారు. ప్రేక్షకులకి తెలియదు, చాలాసార్లు డైరెక్టర్‌కీ పట్టదు. హాల్లో కూర్చున్న స్నేహితుడికి మాత్రం వినపడుతుంది, ఓహో మనోడు ఇక్కడ పెట్టాడు అని. రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్ సౌండ్ ఎఫెక్ట్స్‌కి ఇద్దరికీ కలిపి స్పెషల్ ఆస్కార్ కూడా ఇచ్చారు. చేతకాక పాత కేక వేసుకునే మనుషులు కాదండీ వాళ్లు, కొత్త శబ్దాలు పుట్టించడంలో వాళ్లకి సాటి లేదు. స్టార్ వార్స్‌లో వెలుగు కత్తి, అదే లైట్‌సేబర్, గుయ్ మనే మోత పుట్టించింది ఆ బర్టే.

గోదారిగట్టు

అంటే సుతారి పని చేసేవాడు గోడలో ఎక్కడో ఒక ఇటుక మీద తన గుర్తు వేసినట్టు.

బాల్కనీ_టికెట్

కథ బాగుంది, కాదనను. కానీ డబ్బింగ్ అన్నా, టికెట్ కొన్నది నేను. మీ స్నేహితుల గుర్తు నా ఏడుపు సీన్లో ఎందుకు?

నిశిరాత్రి

బాల్కనీ గారితో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తున్నా. యుద్ధం సీన్లో పడినవాడు ఎవరో ఒకరి కొడుకు అని మనం నమ్మాలనే కదా అంత సెట్టు, అంత వాన, అన్ని వేల మంది. పాత్రకి పేరు లేదు, డైలాగు లేదు, వాడికి మిగిలింది చచ్చేటప్పుడు పెట్టే ఒక్క కేక. ఆ ఒక్కటీ కూడా అరువు తెచ్చి పెడితే ఇంక వాడికంటూ ఏముంది? నాకు ఇది చిన్న విషయం కాదు. హాస్యం సినిమాలో, కార్టూన్‌లో ఎన్నిసార్లైనా పెట్టుకోండి, ఎవరొద్దన్నారు. మనసు పెట్టి చూసేవాళ్ల సీన్లో మాత్రం వద్దు.

మిన్నెసోటా_మూర్తి

నిశిరాత్రి గారూ, మీరు చెప్పింది ఆలోచించాల్సిన మాటే. కానీ ఆ కేక తెలియనివాళ్లకి అది మామూలు కేకే కదా. టూ టవర్స్, అదే లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రెండో భాగం, మా ఆవిడ ఎన్నోసార్లు చూసింది, ఆమెకి అక్కడ ఏ తేడా తెలియదు, ఆ సీన్‌కి ఏడుస్తుంది కూడా. అంటే సీన్ పాడవలేదు. తెలిసినవాళ్లకి మాత్రమే ఇంకోటి వినపడుతోంది.

నిశిరాత్రి

తెలిసినవాళ్లు ఇప్పుడు లక్షల్లో ఉన్నారు మూర్తి గారూ. 1977లో నలుగురికి తెలిసిన రహస్యం వేరు, యూట్యూబ్ వచ్చాక వేరు.

బందరు_లడ్డు

మొసలికి రాయల్టీ ఇస్తున్నారా లేదా, అది తేల్చండి ముందు 😄

కడపకారం

మొసలికి కాదబ్బా, అరిచినోడికి ఇచ్చినారా అని అడుగు. ఎవురు ఆయప్ప?

మిన్నెసోటా_మూర్తి

షెబ్ వూలీ అయ్యుండాలి అంటారు. కంట్రీ పాటలు పాడేవాడు, నటుడు కూడా. 1958లో పర్పుల్ పీపుల్ ఈటర్ అనే సరదా పాటతో అమెరికా అంతా మోగిపోయాడు. హై నూన్ సినిమాలో విలన్ ముఠాలో ఉంటాడు, డిస్టంట్ డ్రమ్స్‌లో కూడా చిన్న వేషం ఉంది, పేరు వేయలేదు. షూటింగ్ తర్వాత అదనంగా గొంతులు రికార్డ్ చేయడానికి పిలిచిన నటుల జాబితా ఒకటి వార్నర్ కాగితాల్లో బర్ట్‌కి దొరికింది, అందులో ఈయన పేరుంది. 2003లో పోయాడు. సినిమాల్లో అరవడం, చావడం నా అంత బాగా ఎవరికీ రాదని ఇంట్లో సరదాగా అనేవాడని తర్వాత ఆయన భార్య చెప్పింది.

నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే. పాటకి పేరొచ్చింది, వేషాలకి కొంత పేరొచ్చింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది విన్న ఆయన గొంతు మాత్రం ఈ సెకను కేక. దానికి ఏ సినిమాలోనూ పేరు పడలేదు.

ఓరుగల్లు_పోరి

400 సినిమాలకు పైనే ఉన్నది అంటరు కదా. ఒక్క గొంతు 400 సార్లు సచ్చుడంటే మాటలా.

బాల్కనీ_టికెట్

అవునూ మన దగ్గరా ఉంది కదా ఇలాంటిది. డిష్యుం డిష్యుం. స్మశానం అనగానే నక్క ఊళ. పెద్దాయనకి గుండెపోటు అనగానే పిడుగు. పల్లెటూరి రాత్రి అంటే కీచురాళ్లు. దెయ్యం అంటే గజ్జెలు. మనవాళ్లకీ ఒక విల్‌హెల్మ్ ఉంటే ఏది?

చీరాల_చిన్నోడు

డిష్యుం! ఇంకో మాట లేదు. చిన్నప్పుడు మేం కొట్టుకునేటప్పుడు నోటితో ఆ సౌండ్ చేశాకే దెబ్బ వేసేవాళ్లం.

డబ్బింగ్_థియేటర్

ఇక్కడ ఒక తేడా ఉంది, అది నాకు ముఖ్యం. డిష్యుం అనేది ఒక పద్ధతి. దెబ్బకి అలాంటి చప్పుడు ఉండాలని ఒక అలవాటు, ఎవరికి వాళ్లు చేసుకునేవాళ్లు. తోలు మీద కొట్టి, దిండు మీద కొట్టి, రెండు మూడు చప్పుళ్లు కలిపి. అలాగే నక్క ఊళ కూడా, నక్క ఉండాలి అంతే, ఫలానా నక్కే ఉండాలని లేదు. విల్‌హెల్మ్ అలా కాదు, ఒకే మనిషి ఒకే రోజు ఒకే మైకు ముందు పెట్టిన కేక. ఇంకొకరు అదే మాదిరి అరిస్తే అది విల్‌హెల్మ్ అవదు.

దీనికి మంచి ఉదాహరణ బెన్ బర్టే. స్టార్ వార్స్ మూడో సినిమా రిటర్న్ ఆఫ్ ద జెడైలో ఆయన ఒక చిన్న వేషం వేశాడు, ఇంపీరియల్ ఆఫీసర్‌గా. హాన్ సోలో దెబ్బకి పిట్టగోడ మీంచి కింద పడతాడు. పడేటప్పుడు తన గొంతుతోనే విల్‌హెల్మ్‌ని అనుకరిస్తూ అరిచాడు. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు, మళ్లీ అదే సినిమాలో ఇసుకలో నోరు తెరిచిన రాక్షసి గుంటలోకి పడేవాడికి అసలు విల్‌హెల్మ్ ఉంది, దాన్ని అందరూ లెక్కేస్తారు.

బందరు_లడ్డు

సొంత సినిమాలో సొంతంగా చచ్చి సొంతంగా అరిచాడా. ఆయనకి దణ్ణం.

పాత_పెట్టె

చర్చ పక్కదారి పట్టిస్తున్నా అనుకోకండి. ఈ ఒకే రికార్డింగ్ అనే విషయంలో కేకొకటే కాదు, ఒక ఉరుము కూడా ఉంది. కాజిల్ థండర్ అంటారు. 1931 ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా కోసం రికార్డ్ చేశారు. ఆ తర్వాత ఏ పాత బంగళా, ఏ తుఫాను రాత్రి అయినా అదే ఉరుము, స్కూబీ డూ కార్టూన్లలో కూడా వినపడుతుంది. 1980ల దాకా దాన్ని సినిమాల్లో బాగా వాడారు. తర్వాత థియేటర్లలో సౌండ్ మెరుగుపడ్డాక ఆ పాత రికార్డింగ్‌లో గరగర తెలిసిపోయి పక్కన పెట్టేశారు.

మా తాతగారు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. తెర వెనక పెద్ద ఇనప రేకు వేలాడదీసి ఉండేది, శివుడికి కోపం వచ్చినప్పుడల్లా ఒక కుర్రాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపేవాడు. ముందు నెమ్మదిగా కదిలించి, తర్వాత అంచు పట్టి ఒక్క కుదుపు కుదిపితే ఉరుము వచ్చి దూరంగా దొర్లిపోయినట్టు ఉండేదంట. ఏ ఊళ్లో నాటకం వేసినా అదే రేకు బండిలో వెళ్లేది. ఊరివాళ్లకి తెలుసు అది రేకు అని, అయినా పిల్లలు ఉలిక్కిపడేవాళ్లు.

గోదారిగట్టు

రేకు సంగతి భలే చెప్పారు. సురభి వాళ్ల నాటకంలో ఉరుము విన్నా నేను, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చీరాల_చిన్నోడు

పక్షులకి కూడా ఉంది. సినిమాలో బట్టతల గద్ద, అదే అమెరికా వాళ్ల జాతీయ పక్షి, కనపడగానే క్రీఈఈ అని ఒక అరుపు వేస్తారు. అది ఆ గద్దది కాదు, ఎర్ర తోక డేగది. అసలు గద్ద గొంతు కిచకిచలాడుతూ చిన్నగా ఉంటుంది, దాని ఆకారానికి సరిపోదని మార్చేస్తారు.

మిన్నెసోటా_మూర్తి

నిజం. మా ఇంటి దగ్గర చలికాలంలో నది ఒడ్డున బట్టతల గద్దలు వాలతాయి, మొదటిసారి దాని గొంతు విన్నప్పుడు చెట్టు మీద ఇంకేదో పిట్ట ఉందేమో అని వెతికా. పాత టార్జాన్ సినిమాల్లో ఇంకా ఘోరం, ఆఫ్రికా అడవిలో కూకాబర్రా నవ్వుతూ ఉంటుంది. అదేమో ఆస్ట్రేలియా పక్షి.

నిశిరాత్రి

అవన్నీ వేరే విషయం అండీ. గద్ద గొంతు మార్చడం సీన్ బలం కోసం. విల్‌హెల్మ్ పెట్టేది సీన్ కోసం కాదు, పెట్టేవాళ్ల సరదా కోసం. నా అభ్యంతరం అక్కడే.

బెజవాడ_షార్ట్‌ఫిల్మ్

నేను నిశిరాత్రి గారి పక్షం, నాకు అనుభవం అయింది కాబట్టి. మా షార్ట్‌ఫిల్మ్‌లో హీరో ఫ్రెండ్ మేడ మీంచి పడి చనిపోతాడు, కథకి అదే మలుపు. మా ఎడిటర్ ముచ్చటపడి విల్‌హెల్మ్ వేశాడు, నాకూ అప్పుడు సరదాగానే అనిపించింది. కాలేజీలో షో వేస్తే ఆ సీన్లో వెనక బెంచీలు పకపకా నవ్వాయి, అది తెలియనివాళ్లు కూడా వాళ్లని చూసి నవ్వారు. తర్వాత పావుగంట ఎంత ఏడిపించాలని చూసినా ఎవరూ ఏడవలేదు. ఆ నటుడి తల్లిదండ్రులు ముందు వరసలో ఉన్నారు. తర్వాతి షోకి ఆ కుర్రాడితోనే కేక చెప్పించి మార్చాం, హాలు నిశ్శబ్దంగా చూసింది.

ఓరుగల్లు_పోరి

అది వేసిన జాగ తప్పు. కేకది ఏం తప్పున్నది?

డబ్బింగ్_థియేటర్

పోరి చెప్పిందే నా మాట కూడా. బెజవాడ తమ్ముడి సినిమాలో పడినవాడు మనకి తెలిసిన మనిషి, వాడికి తన గొంతు ఉంది. దానికి అరువు కేక అసలు సరిపడదు. విల్‌హెల్మ్‌ని బాగా వేసేవాళ్లు ఎక్కడ వేస్తారో గమనించండి. ఎప్పుడూ ఫ్రేమ్ అంచున ఉన్నవాడికి, వెనకాల పడేవాడికి, చుట్టూ పేలుళ్లు, గుర్రాలు, సంగీతం ఉన్నప్పుడు.

ఇంకో సంగతి, ఆ కేక పనితనం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అది సెకను పైచిలుకు ఉంటుంది అంతే. మొదలే గట్టిగా మొదలవుతుంది, మెల్లగా అందుకోవడం ఉండదు. గొంతు ఠక్కున పైకి లేచి, అక్కడ విరిగి, కిందికి జారిపోతుంది. అందుకని ఎంత రద్దీ ట్రాక్‌లో వేసినా పైకి తేలి వినపడుతుంది, వినపడి వెంటనే తప్పుకుంటుంది, వెనక వచ్చే డైలాగుకి అడ్డం రాదు. పైగా స్టూడియోలో తీసింది కాబట్టి దానికంటూ ప్రతిధ్వని లేదు. గుహ అయితే గుహ ప్రతిధ్వని కలుపుకోవచ్చు, మైదానం అయితే వట్టిగా వదిలేయొచ్చు. లైబ్రరీల్లో వేల కేకలు ఉంటాయి, చాలావరకు మరీ పొడుగు, లేదా నటన ఎక్కువ, లేదా వెనకాల గది మోత. నేను కేక వేసేటప్పుడు దెబ్బ తగిలిన ఫ్రేమ్ మీద వేయను, రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా వేస్తా, మనిషికి నొప్పి తెలియడానికి ఆ మాత్రం పడుతుంది. పొడుగు కేక అయితే మనిషి నేల మీద పడిపోయాక కూడా అరుస్తూనే ఉంటాడు, చూడటానికి దరిద్రంగా ఉంటుంది. ఇది పడేలోపే అయిపోతుంది. అందుకే 1951 నుంచి నిలబడింది, స్నేహితుల సరదా ఒక్కటే అయితే పదేళ్లకి పోయేది.

బాల్కనీ_టికెట్

ఈ రెండు మూడు ఫ్రేముల ముక్క నచ్చింది. ఇంకో డౌట్. నేను టూ టవర్స్ మొదట చూసింది తెలుగు డబ్బింగ్‌లో. గొంతులన్నీ మన ఆర్టిస్టులవి. మరి ఆ కేక దాంట్లో ఉంటుందా?

డబ్బింగ్_థియేటర్

మామూలుగా ఉంటుంది. డబ్బింగ్‌కి సినిమా ఇచ్చేటప్పుడు మాటలు తీసేసి సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రం ఉన్న ట్రాక్ విడిగా ఇస్తారు, ఎం అండ్ ఈ అంటాం. హీరో, విలన్, పేరున్న పాత్రల అరుపులు, మూలుగులు మన ఆర్టిస్టులు మళ్లీ చెప్తారు. విల్‌హెల్మ్ లాంటి లైబ్రరీ కేకని అవతలివాళ్లు ఎఫెక్ట్‌గా వేస్తారు కాబట్టి ఎం అండ్ ఈలోనే వచ్చేస్తుంది, మనం దాన్ని ముట్టుకోం. అందుకని హీరో తెలుగు మాట్లాడతాడు, జపాన్‌లో జపనీస్ మాట్లాడతాడు, గోడ మీంచి పడేవాడు మాత్రం అన్ని దేశాల్లోనూ అదే గొంతుతో పడతాడు.

కడపకారం

ఇది మాత్రం అదిరిపోయింది సామీ. మా నాయన ఇంగిలీషు ముక్క రానోడు, ఆయన కూడా విన్నాడన్నమాట ఆ కేక.

మిన్నెసోటా_మూర్తి

ఆసక్తి ఉన్నవాళ్లకి ఇంకో విషయం. ఆ 1951 రికార్డింగ్ పూర్తిగా బయటికొచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా దగ్గర పాత సౌండ్ ఎఫెక్ట్స్ టేపులు పాడైపోతుంటే క్రెయిగ్ స్మిత్ అనే సౌండ్ ఎడిటర్ వాటిని డిజిటల్‌లోకి ఎక్కించి, 2023లో ఫ్రీసౌండ్ సైట్‌లో ఎవరైనా వాడుకునేట్టు పెట్టారు. వాటిల్లో ఇది కూడా ఉంది. వరసగా కేకలన్నీ వినొచ్చు, పక్కనుంచి అరిపించేవాళ్ల మాటలు కూడా వినపడతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అంతకాలం సినిమాల్లో విన్న కేకకి ముందు ఒక మామూలు గది, ఆ గదిలో ఒక మనిషి ఊపిరి తీసుకుని సిద్ధపడటం ఉంటుంది.

ఓరుగల్లు_పోరి

ఇప్పుడే ఇన్న. ఎన్కకెళ్లి చెప్తుంటే మళ్ల మళ్ల అరుస్తుండు పాపం. ఒక్కో కేక ఒక్కో తీరు ఉన్నది, మనకు తెల్సినదాని దగ్గరికి రాంగనే గుర్తువట్టిన.

పాత_పెట్టె

టేపులు పాడైపోవడం అన్నారు చూడండి, నాకు గుండె కలుక్కుమంది. మన దగ్గర మద్రాసులో తెలుగు సినిమాలకి ఎఫెక్ట్స్ వేసినవాళ్లు ఎంతమంది, ఎద్దుల బండి, పాత బస్సు హారన్, బావి గిలక, రైలు ఇంజిను, ఇవన్నీ ఎవరు ఎక్కడ రికార్డ్ చేశారు? టైటిల్స్‌లో ఒక్క లైను పడేది వాళ్లకి. ఆ టేపులు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే కాపీ తీయించండి. పాటలు దాచుకున్నాం, డైలాగులు క్యాసెట్లలో దాచుకున్నాం, చప్పుళ్లు దాచుకోలేదు.

డబ్బింగ్_థియేటర్

మా గురువుగారి దగ్గర ఉన్నాయి కొన్ని స్పూల్స్. కృష్ణా జిల్లాలో ఒక రైస్ మిల్లు లోపల తీసిన మోత ఉంది అందులో, బెల్టు జారి మళ్లీ పట్టుకునే చప్పుడుతో సహా. అలాంటి మిల్లు ఇప్పుడు దొరకదు. మీరు చెప్పాక గట్టిగా అనిపిస్తోంది, ఈ నెలలోనే కూర్చుని ఎక్కిస్తా.

నిశిరాత్రి

ఇది మాత్రం తప్పకుండా చేయండి. కేక విషయంలో నా మాట మారదు గానీ, ఈ పనికి ఏ సాయం కావాలన్నా చెప్పండి, నా దగ్గర పాత స్పూల్ ప్లేయర్ ఉంది, పనిచేస్తోంది.

చీరాల_చిన్నోడు

స్టార్ వార్స్ వాళ్లే వదిలేశారు కదా చివరికి? ఎక్కడో చదివా.

మిన్నెసోటా_మూర్తి

అవును. 2015లో వచ్చిన ఫోర్స్ అవేకెన్స్‌లో ఉంది, 2017 లాస్ట్ జెడైలో లేదు. స్కైవాకర్ సౌండ్‌లో ఆ సినిమాల సౌండ్ చూసే మాథ్యూ వుడ్ 2018లో చెప్పారు, విల్‌హెల్మ్‌ని ఇంక పక్కన పెట్టాం, దాని బదులు వేరే కేక వాడటం మొదలుపెట్టాం అని.

బెజవాడ_షార్ట్‌ఫిల్మ్

మంచి పని చేశారు. అందరికీ తెలిసిపోయాక ఇంక అది గుర్తు కాదు, ప్రకటన.

ఓరుగల్లు_పోరి

నాకు నచ్చలే. నలభై ఏండ్లు ఒకరి చేతిలకెళ్లి ఇంకొకరి చేతిలకు వచ్చినదాన్ని యూట్యూబోళ్లు కనిపెట్టిన్రని ఆపుడేంది? తెల్సినోళ్లకు తెల్సు, తెల్వనోళ్లకు తెల్వది, ఎప్పటిలెక్కనే. మా అక్క కొడుకుకు ఆరేండ్లు, మొన్న టాయ్ స్టోరీ చూపిస్తుంటే బజ్ కిటికీలకెళ్లి పడ్డప్పుడు వాడే నోటితోని ఆ కేక తీసిండు, నేనేం చెప్పలే.

బాల్కనీ_టికెట్

వేరే కేక మొదలుపెట్టారంటే మళ్లీ ఇంకోటి తయారవుతోందన్నమాట. దాన్నెలా గుర్తుపట్టాలి?

డబ్బింగ్_థియేటర్

అది మీ చెవే పట్టుకోవాలి, నేను చెప్పను. కావాలంటే పాతది ఇంకొకటి చెప్తా, హోవీ స్క్రీమ్. 1996లో బ్రోకెన్ యారో సినిమాలో హోవీ లాంగ్ అనే నటుడు రైల్లోంచి కింద పడతాడు, ఆ పాత్రకి వేసిన కేక కాబట్టి ఆ పేరు, రికార్డింగ్ మాత్రం అంతకంటే పాతది. విల్‌హెల్మ్ కంటే పొడుగు, గొంతు చించుకున్నట్టు ఉంటుంది. ఎత్తు మీంచి పడే సీన్లు, పేలుళ్లు ఉన్న సినిమాలు చూస్తూ ఉండండి. లిస్టు వెతక్కుండా ముందు మీరు పట్టుకున్నవి ఇక్కడ రాయండి, సీన్ ఎక్కడుందో నిమిషంతో సహా.